ఆఖరివాళ్లు తిన్నాక

బరువెత్తడం కన్నా బరువు తగ్గడం కష్టమని సత్తిబాబు మేస్టారు ఊరికే అనేవాడు కాదు. విజయనగరంలో ఆయన వ్యాయామశాలకు వచ్చే ఆడపిల్లలు తమ ఒంటి బరువును మించిన ఇనుప కమ్మీని తల మీదికి లేపి నిలబెట్టేవారు. అదే పిల్లలు నడుము చుట్టూ ఉన్న గుప్పెడు కొవ్వు దిగక, తూకం బల్ల మీద నిలబడి కళ్లనీళ్లు పెట్టుకునేవారు.

ఝాన్సీదీ అదే బాధ. ఒక మెట్టు కింది బరువు తరగతిలోకి దిగితే జాతీయ శిబిరంలో చోటు ఖాయం. దిగాలంటే కొవ్వు పోవాలి, కండ పోకూడదు.

“కసరత్తయిన ఎంటనే కడుపు కాల్తాది కదేటి,” అన్నాడు మేస్టారు, చేతికంటిన సుద్దపొడి దులుపుకుంటూ. “అప్పుడు కడుపు నిండా తినీసినావనుకో, కొవ్వు ఎక్కడిదక్కడే కూకుంటాది. తినకుండా మాడినావనుకో, ఒళ్లు కొవ్వునొగ్గీసి కండని పీక్కుంటాది. దొంగనొగ్గీసి కాపలా కుక్కని కొట్టినట్టు. మీ అమ్మ ఏటో మందు తెస్తానన్నాది, తెచ్చినాదా?”

“మందు కాదు మేస్టారూ, చోడి జావే,” అంది రత్నం, ఫ్లాస్కు మూత తీస్తూ.

రత్నం ఝాన్సీ తల్లి. విశాఖపట్నంలో ఒక పరిశోధనశాలలో శాస్త్రవేత్త. అసలు పేరు నూకరత్నం. ఆ పేరుతో ఇప్పుడు జీతం కాగితాలు తప్ప ఎవరూ పిలవరు. ఆమె తెచ్చినది నిజంగా చోడి జావే, రాగులతో కాచినదే. అందులో కొంచెం పాల మాంసకృత్తులు కలిపారు. కంటికి కనపడని సూక్ష్మజీవులు కూడా కలిపారు. అవి కడుపులో చేరి ఒంటికి ఒకటే మాట చెబుతాయి: కాస్త ఆగు, ఇంట్లో ఉన్నది వాడుకో. ఆ మాట విన్న ఒళ్లు ఆకలి తలుపు మూసేసి, దాచుకున్న కొవ్వును కరిగించి అలసిన కండకు పెడుతుంది. తలుపు మళ్లీ తెరుచుకున్నాక మనిషి మామూలుగా తింటుంది.

ఝాన్సీ గ్లాసెత్తి గటగటా తాగింది. “పుల్లగా ఉందే అమ్మా. అమ్మమ్మ తరవాణి లాగా.”

“అమ్మమ్మదే మరి,” అంది రత్నం.

ఆ మాట నిజం. ఆ సూక్ష్మజీవులు రత్నం తల్లి అప్పలకొండ కడుపులోంచి వచ్చినవి.

అప్పలకొండ వయసులో ఉన్నప్పుడు జనపనార మిల్లులో కట్టలు మోసేది. పొద్దుట తాగిన గంజితో సాయంత్రం దాకా మోసి, ఇంటికొచ్చి పొయ్యి రాజేసి, మామకి, మొగుడికి, మరుదులకి, పిల్లకి పెట్టి, అందరూ చెయ్యి కడుక్కున్నాక గిన్నె ముందు కూర్చునేది. మిగిలితే తినేది. అయినా ఆమె భుజాలు మగాడి భుజాల్లా ఉండేవి. రత్నం పెద్దదై, పరిశోధనకని మిల్లులో పని చేసి మానేసిన ఆడవాళ్ల చేత మళ్లీ బరువులు మోయించి, రక్తం తీయించింది. అందరి రక్తమూ ఆకలి ఆకలి అని అరుస్తోంది. ఒక్క సీసాలో మాత్రం చడీచప్పుడు లేదు. కొవ్వు దీపంలో నూనెలా నెమ్మదిగా కాలుతోంది, కండ చెక్కుచెదరలేదు. సీసా తిప్పి పేరు చూస్తే తన తల్లిది. కారణం వెతికితే ఆమె కడుపులోని సూక్ష్మజీవుల్లో తేలింది.

“నా కడుపులో పురుగులకి పరీచ్చలేటే?” అని నవ్వింది అప్పలకొండ. “ఒలమ్మా, నిన్ను సదివించడానికి నా పేణం పోనాది. ఇప్పుడు వాటికీ బడి పెట్టీసినావా?”

ఆమె ఆకలి ఏ వేళకి తెరుచుకుంటుందో కూడా రత్నం చూసింది. ఇంటి దగ్గర, రాత్రి భోజనాలయ్యాక తెరుచుకుంటోంది. ఒళ్లు విశ్రాంతి తీసుకున్నాక తెరుచుకుంటోందని రాసుకుంది. చిన్నప్పటి నుంచి రోజూ చూసిన దాన్ని కన్ను మళ్లీ చూడదు. తల్లి అందరి తర్వాత తినడం రత్నానికి గోడ మీద సున్నం లాంటిది. అది ఉందని ఎవరు గమనిస్తారు?

జావ మొదటి పరీక్ష మేస్టారి వ్యాయామశాలలోనే జరిగింది. అక్కడ ఒక పద్ధతి ఉంది. సాధన అయ్యాక పిల్లలంతా నేల మీద బంతి కట్టి వరసగా కూర్చోవాలి. పెద్ద పిల్లలు చిన్న పిల్లలకి ఉడికించిన గుడ్లు, అన్నం, ఉలవచారు వడ్డించాలి. ఆఖరివాళ్లు తినే దాకా ఎవరూ లేవకూడదు. బరువెత్తేవాళ్లకి ఒకళ్ల మీద ఒకళ్లకి అక్కర ఉండాలని మేస్టారు పట్టుదల. జావ మహిమ తేలాలంటే తాగినవాళ్లను తాగనివాళ్లతో పోల్చాలి కనక, ఒక్కో బంతిలో ఒక్క పిల్లకే రత్నం అసలు జావ ఇచ్చింది. తక్కిన వాళ్లకి ఉత్త చోడి జావ. ఝాన్సీ బంతిలో అసలు జావ ఝాన్సీకి.

ఫలితం కంటికే కనపడింది. ఝాన్సీ నడుము సన్నబడింది, తొడలు అలాగే ఉన్నాయి. కింది తరగతిలోకి దిగి కూడా వెనకటి బరువే ఎత్తింది. మేస్టారు ఆమె తల మీద మొట్టికాయ వేసి, “ఒసే గుంటా, మీ అమ్మమ్మ కడుపు సల్లగుండా,” అన్నాడు.

అప్పలకొండ కడుపు మాత్రం చల్లగా లేదు.

మామ, మొగుడు, మరుదులు ఎప్పుడో పోయారు. రత్నం భర్త ఝాన్సీ పసితనంలోనే వేరే కాపురం పెట్టుకున్నాడు. ఝాన్సీ విజయనగరంలో, అప్పలకొండా రత్నమూ విశాఖలో. జావ పని మొదలయ్యాక రత్నం ఇంటికి రావడం బాగా పొద్దుపోయి. చెప్పులు విప్పుతుండగానే అప్పలకొండ అడిగేది.

“తినీసినావా?”

“క్యాంటీన్‌లో తినేశానమ్మా. నువ్వు తినేయకపోయావా?”

“తింటాన్లేయే. నాకు ఆకలేటి, గొడ్డునా?”

పొద్దున్నే లేచి చూస్తే గిన్నెలో అన్నం అన్నంలాగే ఉండి, దాని మీద నీళ్లు పోసి ఉండేవి. వంటింట్లో మిగిలిందని రత్నం అనుకునేది. అప్పలకొండ వడియంలా ఎండుతూ వచ్చింది. సెలవులకి ఝాన్సీ వచ్చిందంటే మాత్రం తేరుకునేది. ఆ పిల్ల అమ్మమ్మ ఎదురుగా కూర్చుని తను తిని, తన చేత్తో ముద్దలు చేసి పెట్టేది. ఆ రోజుల్లో రత్నం కూడా సెలవు పెట్టి వాళ్ల పక్కనే తినేది. సెలవులయ్యాక మళ్లీ మొదటికే వచ్చేది. ఆఖరికి, పరికరం ఒకటి పాడై రత్నం ఇంటికే రాలేకపోయిన వారంలో, అప్పలకొండ పడక దిగలేదు. డాక్టరు వయసన్నాడు. వంటింట్లో బియ్యం డబ్బా నిండా ఉంది. గుడ్లు ఉన్నాయి, అరటిపళ్లు ఉన్నాయి.

ఆమె పోయిన తర్వాత కూడా సూక్ష్మజీవులు గాజు కుప్పెల్లో పెరుగుతూనే ఉన్నాయి. జావను ‘నిదానం’ అనే పేరుతో ఒక కంపెనీ పొట్లాలు కట్టి అమ్మడానికి తీసుకుంది. ఊరూరా జిమ్ముల్లో, కసరత్తు అయ్యాక తాగమని ఇచ్చారు. అమ్మకానికి ముందు రోజు పరిశోధనశాల పెద్ద కృపావరం గారు అందరినీ పిలిచి, “మనం నోట పెట్టనిది జనం నోట పెట్టమనడం పాపం,” అని ముందు తను ఒక గ్లాసు తాగి రత్నానికి ఒకటి అందించాడు. రత్నం తాగింది. కుర్చీలో కూర్చుని పెంచుకున్న పొట్ట కూడా తగ్గుతుందని మనసులో సంతోషించింది.

అప్పటికే ఝాన్సీ ఉత్తరాదిన జాతీయ శిబిరానికి వెళ్లింది. అక్కడ ఒక్కొక్కరికి ఒక్కో గది. భోజనం బల్ల మీద వరసగా పెట్టి ఉంటుంది, ఎవరి పళ్లెం వాళ్లు నింపుకుని ఎవరి వేళకి వాళ్లు తింటారు. పక్కవాళ్ల భాష తెలియదు, పేర్లు నోరు తిరగవు.

రోజూ సాయంత్రం ఫోను వచ్చేది.

“అమ్మా, తిన్నావా?”

“తిన్నాను. నువ్వు?”

“తిన్నాను.”

తెలుగువాళ్లు ఫోనెత్తితే మొదట అడిగే మాట అదే. దానిలో జబ్బు దాక్కుందని ఎవరనుకుంటారు? అక్కడ కూతురు జావ మీదా, రెండు ముద్దల మీదా బతుకుతోంది. ఇక్కడ తల్లికి జాకెట్లు వదులవుతున్నాయి. పనిచేస్తోంది, బాగా పనిచేస్తోంది అని రత్నం అద్దం ముందు అనుకునేది. గడియారం చూసి కొంచెం అన్నం కెలికి పక్కన పెట్టేది. అప్పుడప్పుడూ వంటింట్లో నిలబడి, ఎవరో ఇంకా రావాలన్నట్టు గుమ్మం వైపు చూసేది. ఎవరు రావాలో తట్టేది కాదు.

ఒక రోజు కృపావరం గారు తలుపు మూసి చెప్పాడు.

“హైదరాబాద్‌లో ఒక జంట చనిపోయారు, రత్నం గారూ. కొత్తగా పెళ్లయినవాళ్లు. ఇద్దరూ ఒకే జిమ్ముకి వెళ్తారు. ఇద్దరూ మన జావే తాగుతున్నారు.”

“విషమా?”

“కాదు. పస్తు.” ఆయన కళ్లద్దాలు తీసి బల్ల మీద పెట్టాడు. “బల్ల నిండా తిండి ఉంది. ఎదురెదురుగా కూర్చున్నారు. రెండు పళ్లేల్లోనూ వడ్డించి ఉంది. పనిమనిషి చెప్పిందట, కొన్నాళ్లుగా ఇద్దరిదీ ఒకటే గొడవ. నువ్వు తిను ముందు అంటే నువ్వు తిను ముందు అని. ముచ్చటేసేదట ఆవిడకి.”

రత్నం గోడకి ఆనుకుంది. పళ్లేలు ఎదురుగా పెట్టుకున్న ఆ ఇద్దరినీ ఆమె మనసు చూడలేదు. పొయ్యి పక్కన పీట మీద కూర్చుని మరుదులు చెయ్యి కడుక్కునే దాకా చూసే మనిషిని చూసింది. తల్లి ఆకలి విశ్రాంతితో తెరుచుకోలేదు. తనవాళ్లలో ఆఖరి మనిషి కళ్ల ముందు తిన్నాక తెరుచుకుంది. ఎన్నేళ్లు అలా ఆగిందో ఆ కడుపు. దానిలో కాపురమున్న ప్రాణులు కూడా ఆగడమే నేర్చుకున్నాయి. మేస్టారి బంతిలో తను ఒక్క పిల్లకే జావ ఇచ్చింది. పక్కవాళ్లు తిన్నారు, ఆ పిల్ల ఆకలి తెరుచుకుంది. బంతి లేని చోట ఏమవుతుందో, బంతిలో అందరూ తాగినవాళ్లే అయితే ఏమవుతుందో ఎవరూ అడగలేదు.

“క్యాంటీన్‌లో తినేసొచ్చాను,” అంది రత్నం.

“ఏమన్నారు?”

“మా అమ్మతో అలా అనేదాన్ని. చెవితో వింటే సరిపోదండీ దానికి. చూడాలి.”

కృపావరం గారికి సగమే అర్థమయింది. “అమ్మకం ఆపమని రాశాను. మందు వేసి చూశాం, పురుగులు చస్తున్నాయి. ఆకలి మాత్రం రావడం లేదు. ఒళ్లు పాఠం నేర్చేసుకుంది. నాకు ఇంటి నిండా మనుషులు, నలుగురు తింటుంటే చూస్తాను కనక బాగానే ఉన్నాను. మీరు ఎలా ఉన్నారు?”

ఆయన మాట పూర్తవకుండానే రత్నం ఝాన్సీకి ఫోను చేసింది. ఎత్తింది వేరే గొంతు. ఝాన్సీ కమ్మీ ఎత్తబోయి కూలిపోయిందట. బరువు కూడా ఎక్కువ లేదట. చేతికి సెలైను పెట్టారట.

ఝాన్సీని ఇంటికి తెచ్చేసరికి ఆ పిల్ల భుజాల మీద చొక్కా హేంగరుకి తగిలించినట్టు వేలాడుతోంది. కొవ్వెప్పుడో అయిపోయి, ఒళ్లు ఇప్పుడు కండను తింటోంది. ఆసుపత్రిలో గొట్టం వేసి పాలు పంపిస్తే పంపినట్టే బయటికి వచ్చాయి. సెలైను మీద ఎన్నాళ్లో ఉండదని డాక్టర్లు మెల్లగా చెప్పారు.

రత్నం కబురందగానే సత్తిబాబు మేస్టారు బంతిలో కూర్చునే పిల్లలందరినీ వ్యాన్‌లో ఎక్కించుకుని మధ్యాహ్నానికి వచ్చేశాడు. హాల్లో చాప పరిచారు. ఝాన్సీ మోచెయ్యి మేస్టారు పట్టుకుంటే, ఆమె ఒక్కొక్కళ్లకీ అన్నం వడ్డించింది. పిల్లలు భయంభయంగా మొదలుపెట్టారు.

“ఏటే అలా పురుగులేరినట్టు తింటన్నారు?” అన్నాడు మేస్టారు. “మీ అక్కకి కనబడేలా తినండి. చప్పుడు రావాలి.”

ఒక చిన్నపిల్ల ఉలవచారు జుర్రింది. ఇంకో పిల్లకి పొలమారింది. వేళ్లు నాకుతున్న చప్పుళ్లు, గ్లాసుల చప్పుళ్లు. అందరి పళ్లేలూ ఖాళీ అవుతుండగా ఝాన్సీ పొట్టలో గుడగుడమంది. హాలంతా వినపడింది. పిల్లలు నోళ్లు మూసుకుని నవ్వారు. రత్నం కళ్లు తిరిగినట్టయి గుమ్మం పట్టుకుంది.

ఝాన్సీ పళ్లెం ముందు కూర్చుని ముద్ద కలిపింది. నోటి దాకా తెచ్చి ఆగిపోయింది. పొట్టలో చప్పుడూ ఆగింది. తల తిప్పి తల్లి వైపు చూసింది.

“అమ్మ ఇంకా తినలేదు,” అంది ఎవరికో చెబుతున్నట్టు.

రత్నం కూతురి పక్కన కూర్చుని పళ్లెం లాక్కుంది. ఆమె కడుపు మూసిన తలుపులా ఉంది. ఆ తలుపు కూతురి కోసం మూసుకుని ఉంది. చిక్కిపోయిన తల్లిని చూశాక కూతురి తలుపు తన కోసం మూసుకుని ఉంది. హైదరాబాద్‌లో ఆ ఇద్దరూ ఎలా కూర్చున్నారో ఇప్పుడు కళ్లారా చూసినట్టయింది. మొదటి ముద్ద నోట్లో పెట్టుకుంది. మింగింది. మింగినది మింగినట్టే పైకి వచ్చింది. బాత్రూంలోంచి తిరిగొచ్చి మళ్లీ కూర్చుంది. రెండోసారీ అంతే. పిల్లలు ఏడుపు మొహాలు పెట్టారు. మేస్టారు వాళ్లను వంటింట్లోకి పంపేసి రత్నం ఎదురుగా గొంతుక్కూర్చున్నాడు.

“రత్నమ్మా, నీకు బరువెత్తడం రాదు కదా.”

“రాదు.”

“నేర్పుతాను. ఆ ముద్ద కమ్మీ అనుకో. కమ్మీని చూసి జాలి పడకూడదు, భయపడకూడదు. పట్టు.”

రత్నం ముద్ద పట్టుకుంది. మజ్జిగ పోసి పలచగా కలిపిన అన్నం.

“గాలి పీల్చు. కడుపు బిగించు. ఊపిరొగ్గకు. ఊఁ, మింగు. ఒగ్గకు, ఒగ్గకు, అలాగే పట్టుకో. కిందికి దిగినాదా? ఇప్పుడొగ్గు.”

ఊపిరి వదిలింది. కళ్లంట నీళ్లు కారాయి. ముద్ద మాత్రం కింద ఉండిపోయింది.

“ఎత్తీసినావు. ఇంకోటి పట్టు.”

ఇంకోటి. మరొకటి. చెమటతో ఆమె జాకెట్టు వీపుకి అంటుకుపోయింది. మధ్యలో ఒకసారి గొంతు దాకా ఎగదన్నితే మేస్టారు ఆమె వీపు మీద అరచెయ్యి ఆనించి, “దించకు, దించితే లెక్కలోకి రాదు,” అన్నాడు. అన్నం రుచి లేదు, వాసన లేదు, తడి సున్నంలా ఉంది. ఝాన్సీ రెప్ప వెయ్యకుండా తల్లి గొంతునే చూస్తోంది, కిందికి పైకి కదిలే ఆ గొంతును.

ఆఖరి మెతుకు వేలితో తుడిచి నోట్లో వేసుకుని రత్నం ఖాళీ పళ్లెం కూతురి ముందుకి వంచి చూపించింది.

ఝాన్సీ గుడ్డు తీసుకుంది. కొరికింది. నమిలి మింగి, ఒక క్షణం ఆగి, తర్వాత రెండు చేతులతోనూ తినసాగింది. ముక్కు కారుతోంది, తుడుచుకోవడం లేదు. మేస్టారు లేచి గోడ వైపు తిరిగి నిలబడ్డాడు. వంటింట్లోంచి పిల్లలు తొంగి చూశారు. ఝాన్సీ తలెత్తకుండానే, “కూర ఉందా?” అంది. ఉంది, ఉంది అని నలుగురు ఒకేసారి పరుగెత్తారు.

రత్నం కూర్చునే ఉంది. ఇక తనది తెరుచుకోవాలి. బంతిలో అందరూ తిన్నారు, ఝాన్సీ తింటోంది. కడుపు మీద చెయ్యి పెట్టుకుని కాచుకుంది. తలుపు కదల్లేదు. ఇంకొంచెం కాచుకుంది. ఇంకా ఎవరో తినాలి అంటోంది ఒళ్లు. ఎవరని ఆమె మొదటిసారి దాన్ని అడిగింది. అడగగానే జవాబు తెలిసింది.

ఝాన్సీ లెక్కలో అమ్మమ్మ ఎప్పుడో తినేసింది. ఆ పిల్ల తన చేత్తో పెట్టి, తినడం చూసింది. రత్నం లెక్కలో తినలేదు. నీళ్లు పోసిన అన్నం గిన్నెలు వరసగా ఆమెకి కనపడ్డాయి. ఆ మనిషి ఇక తినదు. తినే దాకా తనకి ఆకలి కాదు. ఈ రోజు కాదు, రేపు కాదు. కానీ రోజూ పూటపూటకీ కూతురి ముందు కూర్చుని ముందుగా తినాలి, లేకపోతే కూతురు తినలేదు.

“అమ్మా,” అంది ఝాన్సీ, నోట్లో అన్నంతోనే. బుగ్గల్లోకి అప్పుడే కొంచెం రంగొచ్చింది. “నీకు కూడా ఆకలి తెరుచుకుందా?”

మేస్టారు ఇటు తిరిగాడు. కూర గిన్నె పట్టుకున్న పిల్ల గుమ్మంలో ఆగిపోయింది.

“తెరుచుకోకేం,” అంది రత్నం. “ఆ వంకాయ ఇటు వెయ్యమను.”

పళ్లెంలో అన్నం పెట్టించుకుంది, కూర వేయించుకుంది. ముద్ద చేసి పట్టుకుంది. గాలి పీల్చి, కడుపు బిగించి, ఊపిరి వదలకుండా మింగింది.